అరకు 115 కిలోమీటర్లు కాదు.. వెయ్యి మీటర్లు!

ఫోన్‌లో మ్యాప్ తెరిచి విశాఖపట్నం నుంచి అరకుకి దారి అడిగితే దాదాపు 115 కిలోమీటర్లు అంటుంది. ఆదివారం పొద్దున్నే భీమిలి దాకా తొక్కి వచ్చే అలవాటున్నవాళ్ళకి ఆ అంకె పెద్దగా భయం పుట్టించదు. ‘గంటకి ఇరవై చొప్పున ఆరు గంటలు. మధ్యాహ్నం భోజనం అరకులోనే’ అనిపిస్తుంది.

ఆ లెక్క ఎస్.కోట దాకా సరిపోతుంది. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఆ మొదటి 50 కిలోమీటర్లు దాదాపు చదునే. బొడ్డవర దాటాక తూర్పు కనుమలు మొదలవుతాయి. అక్కడి నుంచి స్పీడు ఇరవై నుంచి పదికి, పది నుంచి ఏడుకి పడిపోతుంది. సముద్రం ఒడ్డున బయలుదేరిన మనిషి అనంతగిరి, గాలికొండ దాటేసరికి వెయ్యి మీటర్లకు పైనే ఎక్కుతాడు. ఆ తర్వాత కాస్త దిగితే అరకు. లోయ అంటున్నాం గానీ, అది కూడా సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులోనే ఉంది.

నేను మూడు చలికాలాలుగా ఈ కొండల్లో సైకిల్ మీద తిరుగుతున్నాను. వెళ్తామని అడిగే ఫ్రెండ్స్‌కి మొదట చెప్పేది ఒక్కటే. ఘాట్‌లో దూరాన్ని కిలోమీటర్లలో కొలవొద్దు, మీటర్లలో కొలవండి. ఎంత దూరం అని కాదు, ఎంత ఎత్తు అని అడగండి. గేర్లు, తిండి, రోజుకి ఎంత తొక్కాలి, ఎక్కడ పడుకోవాలి.. అన్నీ ఆ ఒక్క ప్రశ్నను బట్టే తేలతాయి.

కాలికి ఎంత కరెంటు?

ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్స్ ఇక్కడ పనికొస్తుంది. నా బరువు 70 కిలోలు, సైకిల్ 13, సామాను 12. మొత్తం 95. ఈ బరువుని వెయ్యి మీటర్లు పైకి లేపడానికి సుమారు 930 కిలోజౌళ్ళ పని చెయ్యాలి. మనలాంటి మామూలు సైక్లిస్టు గంటల తరబడి ఇవ్వగలిగేది 120 వాట్లు అనుకుంటే, ఎత్తు ఎక్కడానికే రెండు గంటల పది నిమిషాలు పడుతుంది. టైర్ల రాపిడి, ఎదురుగాలి, మధ్యలో టీ బ్రేకులు దీనికి అదనం.

ఇప్పుడు గేర్ల సంగతి. రోడ్డు వాలు 6 శాతం అనుకుందాం. అంటే వంద మీటర్లు ముందుకెళ్తే ఆరు మీటర్లు పైకి. ముందు 30 పళ్ళు, వెనక 34 పళ్ళు ఉన్న తేలిక గేర్‌లో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే స్పీడు గంటకి 6.7 కిలోమీటర్లు. దానికి కావాల్సింది సుమారు 115 వాట్లు. ఒకటిన్నర సీలింగ్ ఫ్యాన్లు తిప్పినంత పని. ఓపిగ్గా చేస్తే చెయ్యగలం.

అదే వాలు మీద ముందు 44, వెనక 18 పళ్ళున్న గేర్ లేని సైకిల్‌ని అదే వేగంతో తిప్పాలంటే 320 వాట్లు కావాలి. అంటే నాలుగు ఫ్యాన్లు! రెండు మూడు నిమిషాలకే ఊపిరి అందదు. అందుకే గేర్ లేని సైకిల్ అక్కడ నెట్టుకుంటూ నడిచే బండి అయిపోతుంది. ఖరీదైన సైకిల్ కొనాలని కాదు దీనర్థం. ఏ సైకిల్ అయినా సరే, వెనక పెద్ద పళ్ళచక్రం 32 లేదా 34 పళ్ళది వేయించుకోండి. తేలిక బండి కోసం పెట్టే వేలకంటే దీనికి పెట్టే వందలు మోకాళ్ళను ఎక్కువ కాపాడతాయి.

తిండికీ ఒక సులువైన లెక్కుంది. మన ఒంటికి సైకిల్ తొక్కడంలో సామర్థ్యం పావు వంతు లోపే. అందుకే ఒక కిలోజౌల్ పనికి దాదాపు ఒక కేలరీ ఖర్చు. వెయ్యి మీటర్లకి 930 కేలరీలన్నమాట. ఒక ఇడ్లీకి అరవై వేసుకున్నా పదిహేను ఇడ్లీలు! ఒకేసారి తినలేం కాబట్టి అరగంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూ ఉండాలి. అరటిపండు, వేరుశనగ ఉండ, దారిలో అమ్మే ఉడకబెట్టిన పల్లీలు ఏవైనా సరే. ఆకలేశాక తిందాం అనుకుంటే అప్పటికే ఆలస్యం.

ఐదు రోజుల చుట్టు

అరకు వెళ్ళి వెనక్కి వచ్చేస్తే ట్రిప్పు సగమే. నాకు నచ్చిన దారి విశాఖ – ఎస్.కోట – అరకు – పాడేరు – లంబసింగి – నర్సీపట్నం – విశాఖ. మొత్తం 300 కిలోమీటర్ల పైచిలుకు. కార్లో అయితే రెండు రోజులు. సైకిల్‌కి ఐదు రోజులు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

మొదటి రోజు మధ్యాహ్నం బయలుదేరి ఎస్.కోటలో ఆగిపోండి. కొండని తెల్లవారుజామున, కాళ్ళలో సత్తువ ఉన్నప్పుడే ఎక్కాలి.

రెండో రోజు ఎస్.కోట నుంచి అరకు, సుమారు 65 కిలోమీటర్లు. ఐదు రోజుల్లో కష్టమైనది ఇదే. తైడ, దముకు, అనంతగిరి, సుంకరిమెట్ట వరసగా వస్తాయి. బొర్రా గుహలు చూడాలంటే మెయిన్ రోడ్డు వదిలి పక్కకి వెళ్ళాలి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ ఎక్కుడు. అదే రోజు రెండూ పెట్టుకోకుండా బొర్రాకి ఇంకో రోజు ఇస్తే మంచిది.

ఈ దారిలో చెట్ల సందుల్లోంచి కొత్తవలస–కిరండూల్ రైల్వే లైను కనబడుతూ ఉంటుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి తేవడానికి 1960ల్లో వేసిన లైను ఇది. రోడ్డు మలుపులు తిరుగుతూ నిటారుగా ఎక్కేస్తుంది. రైలు చక్రానికి అంత వాలు మీద పట్టు దొరకదు. అందుకే యాభైకి పైగా సొరంగాలు తవ్వి, కొండల చుట్టూ తిప్పి నెమ్మదిగా పైకి తెచ్చారు. చిన్న గేర్‌లో తొక్కుతున్నప్పుడు పక్క కొండ మీద పొడవాటి గూడ్సు పాక్కుంటూ పోతుంటే భలే ధైర్యంగా ఉంటుంది. దానికీ తొందర లేదు, మనకీ లేదు.

సుంకరిమెట్ట చుట్టుపక్కల కాఫీ తోటలు. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చలికాలంలో వెళ్తే ఎర్రటి పళ్ళు కోస్తున్నవాళ్ళు, ఇళ్ళ ముందు ఆరబోసిన గింజలు కనిపిస్తాయి. నవంబర్, డిసెంబర్లలో పచ్చటి వలిసె పూల చేలు కూడా. ఫొటో కోసం పొలంలోకి దిగేముందు రైతుని అడగండి. అది వాళ్ళ పంట, నూనె గింజలు వచ్చేది ఆ పూలనుంచే.

మూడో రోజు అరకు నుంచి పాడేరు, 50 కిలోమీటర్ల లోపు. దారిలో చాపరాయి, హుకుంపేట. పెద్ద ఘాట్ లేదు గానీ ఎక్కడం, దిగడం, గెడ్డ దాటడం, మళ్ళీ ఎక్కడం.. రోజంతా ఇదే వరస. ఎవరి కాళ్ళయినా మొదట విసుక్కునేది ఇక్కడే. పాడేరులో ఆగితే మర్నాడు చీకటితో లేచి వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం చూడొచ్చు.

నాలుగో రోజు జి.మాడుగుల మీదుగా లంబసింగి, సుమారు 50 కిలోమీటర్లు. మధ్యలో కొత్తపల్లి జలపాతం, తాజంగి చెరువు. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకుంటే పొద్దుటికి కర్రలా బిగుసుకుపోతారని ఆ పేరు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి దగ్గరగా పడిపోయిన సందర్భాలున్నాయి. వైజాగ్ చలికి సరిపోయే స్వెట్టర్ అక్కడ చాలదు.

ఐదో రోజు లంబసింగి ఘాట్ దిగి నర్సీపట్నం, అక్కడి నుంచి మైదానంలో అనకాపల్లి మీదుగా విశాఖ. ఈ చివరి 80 కిలోమీటర్లలో హైవే ట్రాఫిక్ ఎక్కువ. ఓపిక లేకపోతే నర్సీపట్నంలోనే ముగించి, సైకిల్ వేసుకోవడానికి ఒప్పుకునే బండి ఏదైనా మాట్లాడుకోవచ్చు.

మధ్యలో ఒంట్లో బాగోకపోతే? పాడేరు నుంచి చోడవరం వైపు దిగే ఘాట్ రోడ్డు మీ తప్పించుకునే దారి. దిగాక దగ్గర్లోనే మాడుగుల. అక్కడి హల్వా గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. గోధుమ పాలు, నెయ్యి, పంచదార.. అలసిన సైక్లిస్టు కోసమే కనిపెట్టారేమో అనిపిస్తుంది!

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు మనల్ని ఆపేది ఆయాసం. దిగేటప్పుడు మనల్ని ఆపాల్సింది బ్రేకులు. ఎక్కడానికి ఖర్చుపెట్టిన 930 కిలోజౌళ్ళూ దిగేటప్పుడు తిరిగి బయటికి రావాలి. కొంత గాలి తీసుకుంటుంది. మిగిలిందంతా బ్రేకుల్లో వేడి అవుతుంది. 930 కిలోజౌళ్ళంటే గది వేడిమిలో ఉన్న మూడు లీటర్ల నీళ్ళని మరిగించేంత వేడి. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకుల మీద ఏకబిగిన చెయ్యి వేసి దిగితే రిమ్ కాలిపోయి, ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి బ్రేక్‌ని నొక్కి పట్టుకోవద్దు. మలుపుకి ముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించండి, మలుపులో వదిలేయండి. ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ వాడండి. రెండు మూడు కిలోమీటర్లకోసారి ఆగి రిమ్ చల్లారనివ్వండి. గంటకి 20 మీద ఆగడానికి పట్టే దూరంకంటే 40 మీద నాలుగు రెట్లు ఎక్కువ పడుతుంది. మంచు కురిసి రోడ్డు, రిమ్ తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. మలుపు అవతల ఆవుల మంద ఉందో, లారీ ఉందో, సెల్ఫీ తీసుకుంటున్న కుటుంబం ఉందో మనకి కనబడదు. కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం.

ఇంకో మాట. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. చెమటతో తడిసిన బనియన్ మీద దిగుడుగాలి తగిలితే పది నిమిషాల్లో వేళ్ళు కొంకర్లు పోతాయి. అప్పుడు బ్రేక్ నొక్కడమే కష్టం. దిగేముందు టీ కొట్టులో ఒక పాత న్యూస్‌పేపర్ అడిగి ఛాతీ మీద, చొక్కా లోపల పెట్టుకోండి. పాతకాలం సైకిల్ రేసర్ల చిట్కా ఇది, ఇప్పటికీ పనిచేస్తుంది.

డిసెంబర్‌లో మన వైపు సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు మునుగుతాడు. లోయలో కొండ నీడ అంతకంటే ముందే పడిపోతుంది. పొద్దున తొమ్మిదింటి దాకా చాలా చోట్ల పొగమంచు. అంటే నిజంగా భద్రంగా తొక్కగలిగేది తొమ్మిది నుంచి నాలుగున్నర దాకా, ఏడున్నర గంటలే. రోజుకి 50 కిలోమీటర్లు అని నేను పెట్టిన లెక్క అందుకే. చీకటి పడితే గొప్పలకి పోకుండా ఎక్కడున్నారో అక్కడ ఆగిపోండి.

ఈ రోడ్డు ఎవరి చెమట?

లంబసింగి ఘాట్ దిగుతున్నప్పుడు నాకు ప్రతిసారీ ఒక విషయం గుర్తొస్తుంది. వందేళ్ళ కిందట నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండల్లోకి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ గిరిజనులతో సరైన కూలీ ఇవ్వకుండా పని చేయించాడు. అడవి చట్టాలు పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్న కాలం అది. ఆ కోపం, ఈ కోపం కలిసి 1922లో రంప తిరుగుబాటు అయింది. అల్లూరి సీతారామరాజు దళం ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసి ఆయుధాలు పట్టుకెళ్ళింది. వానాకాలంలో, కొండదారుల్లో, మూడు రోజుల్లో! ఈ కొండల ఎత్తు కాళ్ళతో తెలిసిన తర్వాతే ఆ మూడు తేదీల బరువు నాకు అర్థమైంది.

ఓపికుంటే చింతపల్లి నుంచి కృష్ణదేవిపేట దాకా ఇంకో రోజు కలుపుకోండి. సీతారామరాజు సమాధి అక్కడే ఉంది. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకి ఆయన పేరే పెట్టారు.

ఇప్పుడు ఈ ప్రాంతానికి జాతీయ రహదారి కూడా ఉంది. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఇ. రోడ్డు వెడల్పు అవుతున్నకొద్దీ బండ్ల వేగం పెరుగుతుంది. అంబులెన్స్ తొందరగా రావాలన్నా, కాఫీ గింజలకి, పసుపుకి, మిరియాలకి మంచి ధర పలకాలన్నా అక్కడివాళ్ళకి ఆ రోడ్డు కావాలి. మన సైకిల్ కోసం రోడ్డు పాతగానే ఉండిపోవాలని కోరుకోవడం న్యాయం కాదు. కానీ వేగం పెరిగితే ఆగేవాళ్ళు తగ్గుతారు. వ్యూపాయింట్ నుంచి వ్యూపాయింట్‌కి పోయే కారు మధ్యలో ఉన్న పది ఊళ్ళలో రూపాయి కూడా ఖర్చుపెట్టదు. గంటకి ఏడు కిలోమీటర్లతో పోయేవాడు ప్రతి కొట్టు దగ్గరా ఆగి తీరాలి. నీళ్ళ కోసమో, అరటిపండు కోసమో, గ్లాసుడు చోడి అంబలి కోసమో, లేకపోతే ఊపిరి పీల్చుకోవడానికో!

అనంతగిరి దాటాక ఒక టీ కొట్టు దగ్గర సైకిల్ ఆపితే, పొయ్యి ముందు కూర్చున్న పెద్దావిడ నన్ను కిందికీ పైకీ చూసి, “ఏటి బాబూ, పెట్రోలు అయిపోనాదా?” అంది. సైకిల్‌కి పెట్రోలెక్కడిదమ్మా అంటే, “మరి బండి కొనుక్కోలేవా?” అని జాలిపడి టీలో ఇంకాస్త పంచదార వేసింది. కారు అద్దంలోంచి ఇలాంటి మాటలు వినబడవు.

బ్యాగులో ఏముండాలి

చక్రానికి రెండు వైపులా తగిలించే బ్యాగులుంటే మంచిది. వీపు మీద బరువు పెట్టుకుని వెయ్యి మీటర్లు ఎక్కితే నడుం పోతుంది. రెండు అదనపు ట్యూబులు, పంక్చర్ సామాను, పంపు, ఒక జత బ్రేక్ ప్యాడ్లు, చైన్ లింకు తప్పనిసరి. కొండల్లో సైకిల్ షాపు కనిపించినా, దొరికేది మామూలు సైకిళ్ళ సామాన్లే.

మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. సిగ్నల్ లేకపోతే ఫోన్‌తో డబ్బులు కట్టడం కూడా కుదరదు, పది, ఇరవై రూపాయల నోట్లు దగ్గర పెట్టుకోండి. ఏ ఊరు నుంచి ఏ ఊరికి వెళ్తున్నారో రోజూ ఇంట్లో ఒకరికి చెప్పండి.

మన్యంలో మలేరియా ఉంది. సైకిల్ నిక్కర్లు పగటికే. సాయంత్రం కాగానే నిండు చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు, దోమల క్రీము. చెక్‌పోస్టుల్లో పోలీసులు బ్యాగులు తెరిచి చూపించమంటారు. గంజాయి రవాణా మీద నిఘా అది. నవ్వుతూ చూపించండి. ‘ఈ పార్సిల్ కింద ఊళ్ళో ఇచ్చెయ్యి తమ్ముడూ’ అని ముక్కూమొహం తెలియనివాళ్ళు అడిగితే మాత్రం తీసుకోవద్దు.

వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి, వేసవిలో కింద మైదానంలోనే ఎండకి పడిపోతాం. నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. లంబసింగి, వంజంగిల్లో చలికాలం శని, ఆదివారాలు కార్లతో కిక్కిరిసిపోతాయి. ఆ రెండు చోట్లకీ వారం మధ్యలో చేరేలా ప్లాన్ వేసుకోండి. ఖాళీ నీళ్ళ సీసా బరువు పాతిక గ్రాములు కూడా ఉండదు. నిండు సీసాని వెయ్యి మీటర్లు పైకి మోసినవాళ్ళం, ఖాళీది కిందికి మోసుకురావడానికి ఏం కష్టం?

ఇక మొదలెట్టడం ఎలా అంటారా? ఈ వారమే మీ ఊరికి దగ్గర్లో ఉన్న కొండ రోడ్డు ఒకటి చూసుకోండి. వైజాగ్ వాళ్ళకి సింహాచలం ఘాట్, హైదరాబాద్ వాళ్ళకి వికారాబాద్ అనంతగిరి, రాయలసీమ వాళ్ళకి హార్స్‌లీ హిల్స్. ఫోన్‌లో ఎక్కిన ఎత్తు చూపించే యాప్ పెట్టుకుని ఒకసారి ఎక్కండి. ఆ అంకెతో వెయ్యిని భాగించండి. అన్నిసార్లు ఒకే రోజు ఎక్కి దిగగలిగిన నాడు, ఎస్.కోటలో రూమ్ బుక్ చేసుకోండి.